గంటకెంత

అనంతపురం సుభాష్ రోడ్డు అంగట్లో
మస్తాన్‌వలి రెండు కాగితాలు ఇచ్చినాడు.
డబ్బా అదే, స్క్రీన్ అదే, ర్యామ్ అదే.
ప్రాసెసర్ వరసలో ఒక్క అంకె మారింది,
ఐదు ఉన్నకాడ ఏడు.
ఆ రెండంకెల నడుమ పదమూడు వేలు.

"వేసుకో అక్కా, ఒకేసారి కదా" అన్నాడు.
ఒకేసారి, ఒకేసారి అంటూనే
నా సంచికి ఎన్ని చిల్లులు పడినాయో
ఆ పిల్లోడికేం తెలుసు.

ధర్మవరం బస్సులో కిటికీ పక్కన కూచొని
కాగితం వెనకాల లెక్క వేసినా.

అంచు నిండా అన్నపక్షులు పరిచి బటన్ నొక్కితే
నా పాతది ఆరు నిమిషాలు మూలుగుతాది.
ఐదైతే రెండు నిమిషాలంట.
ఏడైతే ఒకటింబావు.
అంటే ముప్పావు నిమిషం మిగులు.
నెలకు ఎనభై సార్లు నొక్కుతానా?
నొక్కుతా.
గంట.
ఐదేండ్లు పనిచేస్తే అరవై గంటలు.
పదమూడు వేలను అరవైకి పంచితే
రెండువందల పదహారు, పైన చిల్లర.

రాప్తాడు దాటేదాకా ఆ అంకెనే చూస్తా కూచున్నా.
నా గంట అంత చేస్తాదా?
గంట లెక్కన నాకు ఇచ్చినోళ్లు ఎవరూ లేరు.
డిజైనుకు ఇంత అంటారు,
అందులో రవంత తగ్గిస్తారు,
పోతా పోతా కొసరుకు ఇంకో బుటా గీయమంటారు.

అట్టలు కొట్టే కుళ్లాయప్ప మామ నవ్వినాడు.
"నువ్వు చిటికెలో గీసినా
నా మిషన్ అట్ట తర్వాత అట్టే కదమ్మా కొట్టేది.
ఆపైన ఓబులేసు మగ్గం. చీరకు పన్నెండు దినాలు.
నీ ముప్పావు నిమిషం తీసకపోయి
ఏ పోగుకు ముడేస్తావు?"
బొక్క ఉంటే పోగు లేస్తాది, లేకుంటే లేవదు.
డబ్బా లోపల జరిగేదీ ఇంతేనంట,
కాకుంటే దానికి నడుంనొప్పి లేదు.

నిజానికి ఆ మూలుగు నాకు మేలే చేసింది ఒకసారి.
బొమ్మ కిందినుంచి గీతగీతగా పైకొస్తా ఉంటే
వేరే పని లేక చూస్తా ఉన్నా కాబట్టి
మూడో పక్షి మెడ విరిగింది కనబడింది.
ఒక్క గడి పక్కకు జరిగింది, అంతే.
చూడకపోతే రెండువేల అట్టలు మెడ విరిగినట్లే పడుండు.

అట్లని నిదానమే మంచిదని చెప్పను.
పోయిన శుక్రవారం ఐదో నిమిషంలో కరెంటు పోయింది.
పొద్దున్నుంచి గీసిన కొంగంతా పోయింది.
చీకట్లో కూచొని
ప్రాసెసర్‌ను కాదు, ఎవరిని తిట్టాల్నో తెలీక
ఫ్యాన్‌ను తిట్టినా.

మస్తాన్‌వలికి ఫోన్ చేసినా రాత్రి.
"ఐదే వేయి. మిగిలిన దుడ్డులో
పెద్ద బ్యాటరీ ఉండే యూపీఎస్ ఇయ్యి."
"ఏడేసుకుంటే రేపు బాధపడవు అక్కా."
"రేపు కరెంటు ఉంటాదా?" అన్నా.
వాడికాడ జవాబు లేదు.

డబ్బా వచ్చింది. ప్లాస్టిక్ వాసన ఇంకా పోలేదు.
రెండు నిమిషాలు నిజంగానే రెండు నిమిషాలు.
నీళ్లు తాగి వచ్చేలోపల అయిపోతాంది.
లెక్క వేసిన కాగితం మాత్రం పారేయలేకపోయినా,
మౌస్ కింద పరుచుకున్నా.

నిన్న రంగస్వామి సేటు వచ్చినాడు.
కొంగు చూసినాడు, మెచ్చినాడు,
చెప్పులేసుకుంటా వెనక్కి తిరిగినాడు.
"చౌడేశ్వరమ్మా, అంచు పైన ఒక చిన్న రుద్రాక్ష వరస వేయి.
అర్ధగంట పని, దానికేం లెక్క?"

మౌస్ పక్కకు జరిపి కాగితం చూసినా.
"నూటెనిమిది" అన్నా.

"నూటెనిమిదేంది, అష్టోత్తరమా?"
నవ్వినాడు సేటు.

నేను నవ్వలేదు.
పైన చిల్లర కూడా ఉండాది,
అది వదిలేసినా.